జ్ఞాపకంలోని జ్ఞ, విఘ్నంలోని ఘ్న

ప్రశ్న: నాకు బడిలో తెలుగు చెప్పిన మాస్టారు ఇటీవల పదవీ విరమణ చేశారు. పూర్వ విద్యార్థులమంతా కలిసి సన్మానం చేశాం. సన్మానపత్రం రాసే పని నాకు అప్పగించారు. చివరి వాక్యం ‘మీకు మేమంతా ఎప్పటికీ కృతఘ్నులం’ అని రాశాను. అలాగే అచ్చయింది. పటం కట్టించి ఇచ్చాం. వేదిక మీద దాన్ని గట్టిగా చదివింది కూడా నేనే. చదువుతున్నప్పుడు ఎవరికీ తేడా వినిపించలేదు. రెండు రోజుల తర్వాత ఒక స్నేహితురాలు ఫోటో చూసి ఫోన్ చేసి, అక్కడ ఉండవలసింది ‘కృతజ్ఞులం’ అని, నేను రాసినదానికి చేసిన మేలుకు ద్రోహం చేసేవాళ్లమని అర్థమని చెప్పింది. అప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. ఇంత వ్యతిరేకమైన అర్థాలున్న మాటలు ఇంత దగ్గరగా ఎందుకున్నాయి? ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టిందా? పలకడంలో తేడా ఉందా? ఇప్పుడు మాస్టారికి ఏమని చెప్పుకోవాలి?

– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ‘చదువుతున్నప్పుడు ఎవరికీ తేడా వినిపించలేదు’ అని రాశారు. మీ ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే ఉంది. ఆ రోజు సభలో ఉన్నవారంతా, మాస్టారితో సహా, మీరు చెప్పదలచుకున్న మాటనే విన్నారు. తప్పు కాగితం మీద జరిగింది, నోటితో జరగలేదు. ముందు ఆ మేరకు మనసు కుదుటపరచుకోండి. మిగిలిన విషయం నెమ్మదిగా చూద్దాం.

తేడా వినిపించకపోవడానికి కారణం మన నాలుక. ‘కృతజ్ఞత’లో ఉన్నది జకారానికి ఞకారం చేరిన జ్ఞ. ఈ రెండింటినీ కలిపి ఉన్నదున్నట్టు పలకడం ఎవరికైనా కష్టమే. అందుకే ఒక్కో భాష దాన్ని ఒక్కో దారిలో సులువు చేసుకుంది. హిందీవారు గ్య అంటారు. మరాఠీవారు ద్న్య అంటారు. తమిళులు జను వదిలేసి ‘ఞానం’ అంటారు. మనం ‘గ్నానం’ అంటాం. కాస్త శ్రద్ధగా పలికేవారు ‘గ్ఞానం’ అంటారు. రాత జతో, పలుకు గతో సాగుతుంది. అందువల్ల కృతజ్ఞత మన నోట ‘క్రుతగ్నత’ అవుతుంది.

ఇక రెండో మాట సంగతి. ‘కృతఘ్నత’లో ఉన్నది ఘకారం, ఒత్తి పలకవలసిన మహాప్రాణం. అచ్చతెలుగు మాటల్లో మహాప్రాణాలు లేవు; అవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలతోపాటు మనకు వచ్చాయి. ఘకారం వెంటనే అచ్చు ఉంటే, ‘ఘనం’లోలాగా, ఆ ఊపిరి బయటికి రావడానికి చోటు ఉంటుంది. వెంటనే నకారం వచ్చి మీద పడితే ఆ ఊపిరి అక్కడే ఆగిపోతుంది. ఘ్న కాస్తా గ్న అవుతుంది. కృతఘ్నత కూడా మన నోట ‘క్రుతగ్నత’ అయి కూర్చుంటుంది. ఎక్కడో మొదలైన రెండు దారులు మన నాలుక మీద ఒకే గుమ్మం దగ్గరికి వచ్చి కలిశాయి. సంస్కృతంలో వాటికి ఇంత పోలిక లేదు. జ్ఞను జతో, ఘ్నను ఊపిరితో పలికేవారి చెవికి ఇవి వేరువేరుగానే వినిపిస్తాయి.

పత్రికలో ప్రూఫులు దిద్దిన రోజుల్లో ఈ తప్పును నేను లెక్కలేనన్నిసార్లు సరిచేశాను. శుభలేఖల్లో, పుస్తకాల ముందుమాటల్లో, సంతాప సందేశాల్లో కూడా చూశాను. రాసినవారంతా చదువుకున్నవారే. చెవిని నమ్మి రాసేవారికి ఈ తప్పు తప్పదు, ఎందుకంటే చెవికి అందులో తేడా అందదు.

ఇప్పుడు పుట్టుక. ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టలేదు. కానీ మొదటి సగం రెండింటికీ ఒక్కటే: ‘కృత’. కృ అనే ధాతువుకు చేయడం అని అర్థం. కృతి, కృత్యం, కృతకం, ప్రకృతి, వికృతి, సంస్కృతం అన్నీ ఆ ధాతువు పిల్లలే. కృతం అంటే చేయబడినది. అయితే ఈ రెండు మాటల్లోనూ అది ఏదో ఒక పని కాదు, ఒకరు మనకు చేసిన మేలు. ‘ఉపకారం’ అని విడిగా చెప్పకుండానే కృతం అన్నంత మాత్రాన ఆ అర్థం వచ్చేస్తుంది. సుందరకాండలో సముద్రం మీదుగా ఎగిరిపోతున్న హనుమంతుణ్ణి, సముద్రుడి కోరిక మీద నీటిలోంచి పైకి లేచిన మైనాక పర్వతుడు కాసేపు ఆగమని అడుగుతూ అంటాడు: ‘కృతే చ ప్రతికర్తవ్యమేష ధర్మః సనాతనః’. చేసినదానికి తిరిగి చేయాలి, ఇది ఎప్పటినుంచో ఉన్న ధర్మం అని. సగరుని వంశం సముద్రాన్ని పెంచింది కాబట్టి, ఆ వంశంలో పుట్టిన రాముడి పని మీద వెళుతున్నవాడికి సముద్రుడు సాయపడాలి. అక్కడ ‘కృతే’ అన్న ఒక్క మాటలో ఆ పాత మేలు మొత్తం ఇమిడి ఉంది.

కాబట్టి కృతజ్ఞుడు, కృతఘ్నుడు ఇద్దరి ముందూ ఒకే వస్తువు ఉంది: వేరొకరు చేసిన మేలు. దానితో ఎవరేం చేశారన్నది రెండో సగం చెబుతుంది.

కృతజ్ఞుడు అంటే కృతం జానాతి, చేసిన మేలును ఎరిగినవాడు. జ్ఞా ధాతువుకు తెలుసుకోవడం అని అర్థం. జ్ఞానం, విజ్ఞానం, ప్రజ్ఞ, జిజ్ఞాస అన్నవి ఎలాగూ మీకు తెలుసు. తెలియజేయడం విజ్ఞప్తి అయింది. తక్కువగా ఎంచడం అవజ్ఞ అయింది. సర్వజ్ఞుడు, శాస్త్రజ్ఞుడు, రసజ్ఞుడు అన్న మాటలన్నిటి చివర ఉన్నది ఈ జ్ఞనే. వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది జ్ఞాపకం. మనసుకు మళ్లీ తెలిసేలా చేసేది జ్ఞాపకం. కృతజ్ఞతకు దీనికన్నా దగ్గరి చుట్టం లేదు. ఇకమీదట రాసేటప్పుడు సందేహం వస్తే ‘జ్ఞాపకంలోని జ్ఞ’ అనుకోండి.

ఈ జ్ఞ మన భాషలో ఇంకో రూపంలో కూడా తిరుగుతోంది, గమనించారో లేదో. ఆజ్ఞకు వికృతి ఆన. ప్రతిజ్ఞకు ప్రతిన. సంజ్ఞకు సన్న, ‘కనుసన్న’లో ఉన్నది అదే. తెలుగువారు తమ ఇష్టానికి మలుచుకున్న చోట జను వదిలేసి నను దగ్గరికి తీసుకున్నారు. ఉన్నది ఉన్నట్టు ఉంచుకున్న తత్సమాల్లో మాత్రం జ రాతలో నిలిచి, పలుకులో గగా మారింది.

పాళీ భాషలో కూడా ఇలాంటి మార్పే జరిగింది. అక్కడ కృతజ్ఞుడు ‘కతఞ్ఞూ’ అయ్యాడు. బౌద్ధుల మంగళ సుత్తంలో శుభాలుగా చెప్పిన గుణాల వరసలో ‘కతఞ్ఞుతా’ ఒకటి. ధమ్మపదంలో 97వ గాథ చదివితే ఉలిక్కిపడతాం. ఉత్తముణ్ణి పొగుడుతూ అతణ్ణి ‘అకతఞ్ఞూ’ అంటుంది. పైకి చూస్తే మేలు ఎరగనివాడని నింద. కానీ మాటను వేరే చోట విరవాలి: అకతం అంటే ఎవరూ చేయనిది, అంటే నిర్వాణం, దాన్ని ఎరిగినవాడు అని. ఒకే మాటలో నింద, స్తుతి పక్కపక్కన కూర్చున్నాయి. మీరు రాసిన మాటకు పూర్వం ఇలాంటి కథలున్నాయని చెప్పడానికే ఇది రాశాను.

గ్రీకులో జ్ఞానాన్ని ‘గ్నోసిస్’ అంటారు. మన ఆసుపత్రుల్లో వినిపించే డయాగ్నసిస్ దానినుంచే వచ్చింది. తెలుసుకోవడమనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే ‘నో’ అన్న మాట కూడా ఆ కుటుంబానిదే. దాని ముందు రాసే కె అక్షరాన్ని ఒకప్పుడు పలికేవారు. జ్ఞా, గ్నోసిస్ ఒకే మూలం నుంచి వచ్చినవని పండితులు తేల్చారు. అయితే గ్రీకులో గ ఉంది కాబట్టి మన ‘గ్నానం’ ఉచ్చారణే పాతదని అనుకోకూడదు. సంస్కృతంలో అది ముందు జ అయింది. మనం దాన్ని చాలా తర్వాత మళ్లీ గ చేశాం. ఇక్కడ రెండు గలు కలవడం యాదృచ్ఛికం.

జ్ఞ కనిపించిన ప్రతిచోటా జ్ఞానం ఉందని మాత్రం అనుకోకండి. యజ్ఞంలో జ్ఞానం లేదు. అది యజ్ ధాతువుకు న చేరిన మాట. జకారం పక్కన చేరినందువల్ల న కాస్తా ఞ అయింది. యత్నం, ప్రశ్న, యాచ్ఞ అన్నవి యజ్ఞంతోపాటు అదే అచ్చులో పోసిన మాటలు.

ఇక ఘ్న. కృతం హంతి ఇతి కృతఘ్నః. చేసిన మేలును చంపేవాడు కృతఘ్నుడు. హన్ ధాతువుకు కొట్టడం, చంపడం అని అర్థం. హతం, హత్య, హంతకుడు అన్న మాటల్లో హ స్పష్టంగా కనిపిస్తుంది. మరి ఘ ఎక్కడి నుంచి వచ్చింది? హన్ ధాతువులో నడుమ ఉన్న అకారం పోతే హకారం, నకారం పక్కపక్కనే పడతాయి. అలా పడినప్పుడు హకారం ఘకారమవుతుంది. పాణిని ఇందుకోసం ఒక సూత్రమే రాశాడు: ‘హో హన్తేర్ఞ్ణిన్నేషు’. వ్యాకరణంలో ఇది హకారం మారడంగా కనిపిస్తుంది కానీ, భాష చరిత్రలో ఘకారమే పాతది, హకారం అరిగి మిగిలిన రూపం. ఘాతం, ఘాతుకం, విఘాతం అన్న మాటల్లో ఆ పాత ఘ నిలిచి ఉంది. ఘనం, సంఘం అన్న మాటలను కూడా వ్యాకర్తలు ఈ ధాతువు నుంచే సాధించారు. కొట్టి గట్టిపరచినది ఘనం. కలిపి దట్టం చేసినది సంఘం. చంపడానికి వాడే ధాతువు నుంచి కలిసికట్టుగా ఉండడాన్ని చెప్పే మాట వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

విఘ్నం ఈ కుటుంబానిదే. పనిని మధ్యలో కొట్టి ఆపేది విఘ్నం. రెండో గుర్తుగా దీన్ని పెట్టుకోండి: ‘విఘ్నంలోని ఘ్న’. శతఘ్ని, అంటే ఫిరంగి, వందమందిని చంపేది. శత్రుఘ్నుడు శత్రువులను చంపేవాడు. వృత్రుణ్ణి చంపినందుకు ఇంద్రుడికి వృత్రహన్, వృత్రఘ్న అన్న పేర్లు వచ్చాయి. ప్రాచీన ఇరాన్ భాషలో అదే మాట వెరెథ్రఘ్న అయి, అరిగి అరిగి చివరికి పారసీకుల బహ్రామ్ అన్న పేరుగా మిగిలింది.

ఘ్న అన్నది తనంతట తాను చెడ్డ మాట కాదమ్మా. ఆయుర్వేదంలో విషఘ్నం, క్రిమిఘ్నం, జ్వరఘ్నం అన్నవి మందులకు మంచి పేర్లు. దాని ముందు ఏ మాటను నిలబెట్టామన్నదాన్ని బట్టి అది వరమో శాపమో అవుతుంది. విషాన్ని చంపితే ప్రాణదానం, మేలును చంపితే ద్రోహం. పెన్నకు ఉపనది ఒకటుంది. దాని పేరును కొందరు పాపాఘ్ని అని, కొందరు పాపాగ్ని అని రాస్తారు. ఘ్ని అయితే పాపాన్ని పోగొట్టేది. గ్ని అయితే పాపం పక్కన అగ్ని వచ్చి చేరుతుంది. నది ఒకటే, ఒక్క వత్తు మార్పుతో కథ మారిపోతుంది.

అన్నట్టు, ఊరికే గ్న ఉన్న మాటలు మూడో జాతి. భగ్నం, మగ్నం, లగ్నం, నగ్నం, ఉద్విగ్నం. వీటిలో తెలుసుకోవడమూ లేదు, చంపడమూ లేదు. భంజ్ ధాతువు నుంచి భగ్నం వచ్చినప్పుడు సంస్కృతంలోనే జ కాస్తా గ అయింది. మీ మాటకు ఈ జాతితో పని లేదు. అయితే ‘కృతగ్నత’ అని రాసినవారిని కూడా నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆ మాటకు ఏ అర్థమూ లేదు.

ఈ రెండు మాటల బరువు తెలియాలంటే నిఘంటువు కన్నా రామాయణం దగ్గరికి వెళ్లడం మేలు. కావ్యం మొదట్లోనే వాల్మీకి నారదుణ్ణి అడుగుతాడు: ఈ కాలంలో గుణవంతుడు, వీరుడు ఎవరు? ఆ వెంటనే ‘ధర్మజ్ఞశ్చ కృతజ్ఞశ్చ’. ధర్మం ఎరిగినవాడు, చేసిన మేలు ఎరిగినవాడు. సత్యవాక్యం, దృఢవ్రతం వీటి తర్వాత వస్తాయి. ఒక ఉత్తమ పురుషుడి కోసం వెతుకుతూ ఋషి కృతజ్ఞతను సత్యం కంటే ముందు ఎంచాడు. అయోధ్యకాండలో రాముడి గుణాలు చెబుతూ, ఎలాగో ఒక్క ఉపకారం చేసినా దానితోనే సంతోషిస్తాడని, వంద అపకారాలు చేసినా తలచుకోడని అంటాడు. లెక్క పెట్టుకోవలసింది ఏదో, మరిచిపోవలసింది ఏదో ఎరిగినవాడు కృతజ్ఞుడన్నమాట.

కృతఘ్న అన్న మాట కిష్కింధకాండలో ఉరుములా పడుతుంది. వాలిని చంపి రాముడు సుగ్రీవుడికి రాజ్యం ఇప్పించాడు. వానాకాలం గడిచిపోయింది. సీతను వెతికించే పని ఇంకా మొదలు కాలేదు. సుగ్రీవుడు భోగాల్లో మునిగి ఉన్నాడు. లక్ష్మణుడు వింటితో వచ్చి నిలబడ్డాడు. ఏయే పాపాలకు పెద్దలు ప్రాయశ్చిత్తం చెప్పారో వరసగా చెప్పి, చివర ఒక్క పాదంతో ముగించాడు: ‘కృతఘ్నే నాస్తి నిష్కృతిః’. మేలును చంపినవాడికి నిష్కృతి లేదు. కృత, నిష్కృతి రెండూ కృ ధాతువు నుంచే వచ్చాయన్నది చూడండి. చేసిన మేలును చంపినవాడికి, ఆ తప్పును మళ్లీ చేసి సరిదిద్దుకునే దారి కూడా లేకుండా పోయింది.

దానికి జవాబు చెప్పింది సుగ్రీవుడు కాదు, తార. ఆమె మాట విన్న ప్రతిసారీ భాష మీద ఆమెకున్న పట్టుకు నమస్కరించాలనిపిస్తుంది. ‘నైవాకృతజ్ఞః సుగ్రీవః’ అంది. సుగ్రీవుడు అకృతజ్ఞుడు కానే కాదు అని. లక్ష్మణుడు వాడిన ఘ్నను ఆమె ముట్టుకోనేలేదు. ‘కృతఘ్నుడు కాదు’ అన్నా ఆ భయంకరమైన మాట ఆమె నోట పలికినట్టే అయ్యేది. ఆమె జ్ఞకారపు మాటనే తీసుకుని, దానికి ముందు అకారం చేర్చి, ఆ అకారాన్నీ కొట్టేసింది. రాముడు చేసిన ఉపకారాన్ని అతను మరవలేదని కూడా చెప్పింది. ఆలస్యం చేసినవాడు వేరు, మరిచినవాడు వేరు, చంపినవాడు వేరు. కోపంలో లక్ష్మణుడు మూడింటినీ ఒక్కటి చేశాడు. తార వాటిని విడదీసి చూపించింది.

ఈ అకృతజ్ఞుడు అన్న మాటను మనం దాదాపు వదిలేశాం. అది నాకు లోటుగానే అనిపిస్తుంది. మేలు చేసినవారిని గుర్తుంచుకోని ప్రతివాడినీ ఇప్పుడు కృతఘ్నుడు అనేస్తున్నాం. మరపుకు, హత్యకు మధ్య చాలా దూరం ఉంది. అచ్చతెలుగు సామెతలు ఈ తేడాను బాగా పట్టుకున్నాయి. ‘ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య’ అన్నది అకృతజ్ఞుడి సంగతి. అవసరం తీరింది, మర్యాద పోయింది, అంతే. ‘ఏరు దాటి తెప్ప తగలేశాడు’ అన్నది కృతఘ్నుడి సంగతి. తనను దాటించినదాన్నే కాల్చేశాడు. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ కూడా ఈ రెండో కోవలోదే.

పలకడం గురించి అడిగారు. జ్ఞను జతో పలకాలని పట్టుపట్టే పండితులు ఉన్నారు. వేదపాఠంలో అది అవసరం. వేదిక మీద మాట్లాడేటప్పుడు, నలుగురిలో మాట్లాడేటప్పుడు తెలుగువారు తరతరాలుగా పలికిన గ్ఞ తప్పేమీ కాదని నా అభిప్రాయం. నాలుకను న దగ్గర పళ్లకు తగిలించకుండా, అంగిలికి కొంచెం వెనక్కి ఆనించి పలికితే ఞ ఛాయ వస్తుంది. అంత చాలు. కృతఘ్న అన్న మాటను పలకవలసి వస్తే ఘ దగ్గర లిప్తపాటు ఆగి, ఊపిరి వదిలి, తర్వాత న పలకండి. అది తరచుగా పలికే మాట కాదు కనుక ఆ శ్రమ పడవచ్చు. లేదంటే ‘చేసిన మేలుకు ద్రోహం చేసినవాడు’ అని తెలుగులోనే చెప్పేయవచ్చు. రాతలో మాత్రం సడలింపు లేదు. ఫోనులోగానీ కంప్యూటర్లోగానీ ముందు జ, తర్వాత పొల్లు, ఆ తర్వాత ఞ రావాలి. ఞ అక్షరం ఈ రోజుల్లో దాదాపుగా జ్ఞలోనే బతికి ఉంది. అందుకే చాలామందికి అది కీబోర్డు మీద ఎక్కడుందో కూడా తెలియదు. వెతికి గుర్తుపెట్టుకోండి.

మీరు ఒకరే అయితే ‘కృతజ్ఞురాలిని’, అందరి తరఫున అయితే ‘కృతజ్ఞులం’. ‘కృతజ్ఞతులం’ అని కొందరు రాస్తారు, అలాంటి రూపం లేదు.

ఇక మాస్టారి విషయం. ఆయన తెలుగు చెప్పినవారు కాబట్టి పటం చేతికి వచ్చిన రోజే ఆ అక్షరం కంటపడే ఉండవచ్చు. పడలేదనుకున్నా, ఆ పటం ఆయన ఇంటి గోడ మీద ఉన్నంతకాలం ఎవరో ఒకరు చదువుతారు. కాబట్టి మీరు వెళ్లి చెప్పడమే మంచిది. అచ్చువారి మీదో, ఫోను మీదో నెట్టకండి. ‘మాస్టారూ, జ్ఞ రాయవలసిన చోట ఘ్న రాశాను, క్షమించండి’ అని ఒక్క మాటలో చెప్పండి. తెలుగు మాస్టారికి అంతకన్నా వివరణ అక్కరలేదు. ఆ పత్రం వెనక్కి ఇమ్మని ఆయనను అడగకండి. కొత్తది మీ చేత్తో రాసి తీసుకెళ్లండి. ఏది ఉంచుకోవాలో ఆయన ఇష్టం.

కొత్తగా రాసేటప్పుడు ఇంకో సంగతి ఆలోచించండి. సన్మానపత్రాల్లో మనం ‘మీ రుణం తీర్చుకోలేం’ అని రాస్తుంటాం. రుణం అన్న మాటలో లెక్క ఉంది, తీర్చేస్తే ముగిసిపోయే సంబంధం ఉంది. కృతజ్ఞతలో లెక్క లేదు. అందులో ఉన్నది ఎరుక. ఆయన ఏం చేశారో మీకు తెలిసి ఉండడం, ఆ తెలిసినదాన్ని ఆయన ఎదుట చెప్పడం. మీరు రాసిన పాత పత్రం మొత్తం నేను చూడలేదు కానీ, సాధారణంగా అలాంటి వాటిలో ‘విద్యాదాత’, ‘మార్గదర్శి’ అన్న పెద్ద మాటలుంటాయి. ఆయన మీకు చేసిన ఫలానా పని ఉండదు. కృతం లేకుండా జ్ఞ ఒక్కటే మిగులుతుంది. మీ వ్యాసం ఏదైనా ఆయన తరగతిలో చదివించారా? సంధి తప్పు చెప్పినప్పుడు నవ్వినవారిని కసిరి మిమ్మల్ని మళ్లీ చెప్పమన్నారా? బడి మానేయవలసి వచ్చినప్పుడు ఇంటికి వచ్చి మాట్లాడారా? ఏదో ఒకటి ఉండే ఉంటుంది, లేకపోతే ఇన్నేళ్ల తర్వాత ఒక్క అక్షరం కోసం మీకు నిద్ర పట్టకుండా పోదు. ఆ ఒక్క సంగతి ఉన్నదున్నట్టు నాలుగు వాక్యాల్లో రాయండి.

కింద ‘మీకు కృతజ్ఞురాలిని’ అని మీ పేరు పెట్టండి. జ రాసి, దాని కింద ఞ వత్తు స్పష్టంగా దిద్దండి.